కంభం చెరువులో కడిగిన పలకలు

మా ఊరి ఆడోళ్ళలో మార్కాపురం చూసినోళ్ళు చానామందే ఉండారు. సంతకు పోయింటారు, లేకుంటే ఆస్పత్రికి పోయింటారు. కంభం చూసినోళ్ళు ఇద్దరో ముగ్గురో. గిద్దలూరు దాకా పోయి వచ్చింది నేనొక్కదాన్నే. వచ్చిన కాన్నుంచి బాయి కాడ అడుగుతానే ఉండారు, ఆడ ఏముంది, ఏం తిన్నావు, ఎవరు కనపడినారు అని. ఒక్కొక్కరికి ఒక్కోసారి చెప్పేటప్పటికి గొంతు పోతాంది. అసలే గొర్రెల్ని అదిలించి అదిలించి బొంగురుపోయిన గొంతు. అందుకని బళ్ళో పంతులమ్మను కూర్చోబెట్టి ఒకేసారి చెప్తాండా, ఆమె రాస్తాంది. నా మాట మార్చి రాస్తే మజ్జిగ పొయ్యనని ముందే చెప్పినా.

పోయింది ఎందుకంటే

మాది త్రిపురాంతకం పక్క పల్లె. మా తమ్ముని కొడుకు చెన్నకేశవులు. మేమంతా చెన్నా అంటాము. మా ఇండ్లల్లో కాలేజీ మెట్టెక్కింది వాడే. ఎక్కినోడు దిగలేదు. ఇప్పుడు డాక్టరు చదువు చదువుతాండాడు. సూది వేసే డాక్టరు కాదు. ఒక సంగతి పట్టుకొని, ఎవరూ రాయనంత రాసి పుస్తకం కట్టి ఇస్తే, పేరు ముందర డాక్టరని పెడతారంట.

వాడు పట్టుకున్న సంగతి ఏందో విని నేను నవ్వినా. మనం మంద కట్టేది. పంట కోసినాక రైతు పొలంలో రాత్రిపూట గొర్రెల్ని పడుకోబెడతాము కదా, ఎరువు పొలానికి, గింజలు మనకి. నోటిమాట తప్ప కాగితం లేకుండా ఇది తాతల కాన్నుంచి ఎట్ల నడుస్తాందని వాడి ప్రశ్న. దీనికి ఇన్నేండ్లు చదవాల్నా అంటే, "తెలిసేదానికి చదవక్కర్లేదు అత్తా, రాసేదానికి చదవాల" అన్నాడు.

ఆ రాసేదే రాలేదు. రెండేండ్లు ఊర్లెంట తిరిగి పెట్టెడు కాగితాలు తెచ్చినాడు. రాద్దామని కూర్చుంటే ఒక వరుస రాసేది, కొట్టేసేది. వాడికి నేర్పే గైడు సారు చూసి చూసి ఒక పద్ధతి పెట్టినాడు. దినాం పొద్దున రెండు గంటలు రాయాల. ముందు తెలుగులో రాయాల, ఇంగ్లీషు తర్వాత. రాసింది సాయంత్రం చదువురాని మనిషికి చదివి వినిపించాల. ఆ మనిషి ఆవులించిన చోట గీత పెట్టాల. అట్ల నెలకొక భాగం. నాలుగు భాగాలూ అయితే యూనివర్సిటీ వాళ్ళు ఆఖరి ఆరునెలల ఉపకార వేతనం ఇస్తారు. ఇంగ్లీషులోకి దించి, అచ్చు కొట్టించి, పుస్తకం కట్టేదానికి ఆ డబ్బు.

మూడు భాగాలు అయినాయి. నాలుగోది కాలేదు. సారు సెలవులకని గిద్దలూరులో వాళ్ళ చెల్లెలింటికి వచ్చినాడు. శనివారం పొద్దున బండికి పోతాడు. పోయేలోపల నాలుగో భాగం చూసి కాగితం మీద సంతకం చేస్తేనే ఆ డబ్బు వచ్చేది. లేకుంటే మావోడు నెలాఖరుకు మళ్ళా యలమందల పక్క బడికి పంతులు పనికి పోవాల. ఇచ్చిన సెలవు అంతవరకే. పోతే ఆ పెట్టె మూత మళ్ళా తెరిచేది లేదని వాడే అన్నాడు.

చదువురాని మనిషిని నేను. మా ఆయన పోయినాక మందను తోలింది నేను. ఆవులించేదానికి నాకంటే తగిన మనిషి లేదని నన్ను బయలుదేరదీసినాడు.

మార్కాపురం

ఆదివారం రాత్రికి మార్కాపురంలో దిగినాము. మా ఆయన స్నేహితుడు ఒకాయన ఆడ పలకలు చేసే షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన భార్య రంగమ్మ. గిద్దలూరు రైలు ఎక్కేది ఆడనే, నాలుగో భాగం రాసుకునేదానికని వాళ్ళింట్లోనే మూడు దినాలు ఉండినాము.

మన ఊర్లో ఒక పలక ముగ్గురు పిల్లకాయలు వాడుకుంటారు. పగిలితే వీపు పగులుతుంది. రంగమ్మ ఇంట్లో పలకే కుండ మీద మూత. పలకే దీపం పెట్టుకునే బండ. స్నానం చేసే కాడ కాళ్ళ కింద పరిచిందీ పలకలే. నేను దాని మీద కాలు పెట్టలేక పక్కన మట్టిలో నిలబడి పోసుకున్నా. రంగమ్మ చూసి, "పెట్టు వదినా, దాని మీద ఇంకా చదువు ఎక్కలేదులే" అనింది.

వాళ్ళింట్లో అందరూ బూడిద రంగే. రాయి కోసేవాడు, అరగదీసేవాడు, చట్రం కొట్టేవాడు, చివరికి పిల్లి కూడా. నీళ్ళు మాత్రం ఉప్పన. మంచినీళ్ళు కావాలంటే బిందె ఇంతని కొనాల. మనకే అనుకుంటాము గానీ వాళ్ళకూ అంతే కరువు. కాఫీ రెండణాలు. కొత్త పైసల్లో పన్నెండా పదమూడా అని దుకాణం ఆయనకూ నాకూ తగవు. పదమూడు ఇయ్యమని ఆయన, పన్నెండే అని నేను. ఆఖరికి పన్నెండు పైసలు తీసుకొని, ఆ తక్కువైనదానికి కాఫీలో అడుగున మడ్డి పోసినాడు.

చెన్నా తెల్లారేసరికి కాగితం ముందర పెట్టుకొని కూర్చునేవాడు. ఎండెక్కేసరికి ఉండలు చుట్టిన కాగితాలు చుట్టూ పడి ఉండేవి. మొదటి దినం అట్లనే పోయింది. రంగమ్మ చీపురుతో ఊడుస్తా, "ఏం నాయనా, ఈ కాగితాలు ఏం పాపం చేసినాయి?" అనింది.

"తప్పు రాస్తే కాగితం పాడవుతాది పిన్నీ. ఆ భయానికే చెయ్యి ఆడదు" అన్నాడు వాడు.

రంగమ్మ చీపురు పడేసి షెడ్డులోకి పోయింది. అంచులు పెచ్చులూడి అమ్ముడుపోని పలకలు ఇరవై తెచ్చి వాడి ముందర పేర్చింది. "వీటి మీద ఏడువు. తప్పయితే తుడుచుకో" అనింది.

షెడ్డులో వాళ్ళంతా నవ్వినారు. రాయి కోసే ఆయన, "ఇంత గడ్డం వచ్చి ఇంకా ఒకటో తరగతేనా?" అన్నాడు. "ఒకటే గదా, పోయిన ఏడు అదీ తప్పినా" అన్నాడు మావోడు.

ఆ మాట అన్నంక వాడి చెయ్యి ఆడింది. నేను చూస్తానే ఉండినా. రాసేది, అరచేత్తో తుడిచేది, మళ్ళా రాసేది. చేతులూ మూతీ బలపం పొడితో తెల్లగా చేసుకున్నాడు. బుధవారం సాయంత్రానికి ఇరవై పలకలూ రెండు పక్కలా నిండినాయి. ఏ పూటకాపూట నా ముందర చదివేవాడు. మొదట్లో "పరస్పర ఆధారితమైన ఆర్థిక సంబంధము" అని ఏదో వచ్చింది, నేను నిండుగా ఆవులించినా. వాడు గీత పెట్టినాడు. మళ్ళా గొర్రెల సంగతి వచ్చేసరికి కండ్లు తెరిచినా. కొన్నిచోట్ల తప్పు చెప్తాండావురా అని ఆపినా. రంగమ్మ పొయ్యికాడ నుంచే ఊ కొడతాండె.

బుధవారం రాత్రి తిండికి ముందర వాడు సిరాతో కాగితాల మీద ఏదో గబగబా రాస్తాండె. పలకల మీదది కాగితం మీదికి ఎక్కిస్తాండాడనుకున్నా. అడగలేదు. అడగాల్సింది.

కంభం

గురువారం పొద్దున్నే రైలు. పలకలు గోతాంలో కట్టుకొని బెంచీ కింద పెట్టినాము. రైల్లో సందు లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దామె రెండు కాళ్ళూ గోతాం మీద ఆనించింది.

"అమ్మా, కాళ్ళు తియ్యి, దాంట్లో అక్షరాలుండాయి" అన్నా.

"తీసి ఏడ పెట్టుకొనేది, నీ ఒళ్ళోనా?" అనింది ఆమె.

ఆమె తప్పేం లేదు, చోటు లేదు. కానీ నాకు దారి పొడుగునా ఒళ్ళు చిమచిమలాడింది. నాకు చదువు రాకపోవచ్చు. కింద పడిన కాగితం ముక్క మీద కాలు తగిలితే తీసి కండ్లకద్దుకునే ఇంట్లో పుట్టినా. ఇరవై పలకల చదువు మీద ఎవరెవరో కాళ్ళు పెడతాంటే చూస్తా కూర్చున్నా.

కంభంలో దిగినాము. గిద్దలూరు బండి మధ్యాన్నం. చెరువు చూపిచ్చమని అడిగితే చెన్నా జట్కా మాట్లాడినాడు.

చెరువు గురించి చెప్పాలంటే నాకు నోరు చాలదు. మన ఊరి కుంట లాంటివి నూరు పోసినా అడుగు తడవదు. రెండు కొండల మధ్య కట్ట వేసి ఆపినారు. వానలు పోయిన కొత్త కాబట్టి నిండుగా ఉంది. ఇవతల నుంచి చూస్తే అవతల గొర్రె ఏదో గొడ్డు ఏదో తెలియదు. కట్ట కింద పచ్చగా వరి. ఆడ జొన్నన్నం తినేవాళ్ళే లేరంట. కట్ట మీద ఒకామె అన్నం, చేపల పులుసు అమ్ముతాంది. ఆకు నిండా పెట్టి నాలుగణాలు. జొన్నరొట్టె ఉందా అంటే నా మొగం చూసి, "నీకు జొరమా?" అనింది. రెండు మార్లు పెట్టించుకొని తిన్నా.

చెన్నా కాగితాలు కొనుక్కొస్తానని బజారుకు పోయినాడు. నేనూ గోతామూ చెరువూ మిగిలినాము.

ఉప్పునీళ్ళ ఊర్లో మూడు దినాలు ఉండి వచ్చిన మనిషి ముందర అన్ని నీళ్ళు ఉంటే ఏం చేస్తుంది? మొదట కాళ్ళు కడుక్కున్నా. తర్వాత రెండు చీరలు ఉతికినా. వాడి పంచె ఉతికినా. చెంబు తోమినా. అంతా అయినంక గోతాం మీద కన్ను పడింది. మళ్ళా రైలెక్కాల, మళ్ళా ఎవరో కాళ్ళు పెడతారు. కాగితం మీదికి ఎక్కించుకున్నాడు కదా, ఇంక ఈ అక్షరాలకు ఈ అవమానం ఎందుకు అనుకున్నా. ఒక్కొక్క పలకా తీసి కండ్లకద్దుకొని, నీళ్ళల్లో ముంచి, కొంగుతో తుడిచి, కట్ట రాళ్ళ మీద ఎండకు నిలబెట్టినా. ఇరవై పలకలూ తళతళ మెరిసినాయి.

చెన్నా చంకలో కాగితాల కట్ట పెట్టుకొని కట్ట మీద నడిచి వచ్చినాడు. దూరం నుంచి నవ్వుతా వచ్చినాడు. దగ్గరికి వచ్చినంక నిలబడినాడు.

"అత్తా, ఇవి మన పలకలేనా?"

"మనవేరా. ఎవరన్నా తొక్కుతారని కడిగినా. నువ్వు రాసుకున్నావు కదా."

"యాడ రాసుకున్నా?"

"రాత్రి సిరాతో రాస్తాంటివి కదా."

"అది సారుకు ఉత్తరం అత్తా. వస్తాండామని. పొద్దున స్టేషన్లో టపా డబ్బాలో వేసినా. ఎక్కించేదానికే ఇప్పుడు కాగితాలు తెచ్చినా."

నేను పలకల దిక్కు చూసినా. వాడు రాయి మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండు. తిట్టలేదు. శుక్రవారం ఒక్క దినం ఉంది, శనివారం పొద్దున సారు పోతాడు. నెలంతా రానిది ఒక దినంలో వస్తాదా అన్నాడు, నన్ను కాదు, చెరువును చూసి.

ఒక పలక ఎత్తి గోతాంలో పెడతా నేను అన్నా. "ఒరే, పలకలు కడిగినా గానీ చెవులు కడుక్కోలేదు. నువ్వు చదివింది విన్నా కదా. నేను చెప్తా, రాసుకో."

"అట్ల రాదత్తా. ముందు నిర్వచనం రావాల, తర్వాత..."

"ఆ నిర్వచనం ఎవరో, ఆయన్ను నేను చూడలేదు. నేను చూసింది చెప్తా. పొద్దు వాలినప్పుడు మంద పొలానికి వస్తాది. ఆడ మొదలుపెట్టు."

వాడు కలం తీసినాడు. నమ్మి కాదు, చేసేదానికి వేరే పని లేక.

రైల్లో

కట్ట మీద మొదలుపెట్టింది స్టేషన్లో నడిచింది, రైలెక్కినా ఆగలేదు. వాడు పలకల మీద ఎట్ల రాసినాడో ఆ వరస నాకు గుర్తు లేదు. నాకు గుర్తుండేది మంద వరసే. సాయంత్రం వచ్చేది, దడి కట్టేది, రైతు వచ్చి చూసుకునేది, మూలన మొదలుపెట్టి రాత్రికింత జరిపేది, వాన పడితే ఏం చేసేది, తెల్లారి గింజలు ఎట్ల కొలిచేది. వాడు చదివింది దాంట్లోనే యాడికాడ కలిసిపోయి వచ్చేది. "ఇది నువ్వన్నదే, రెండో దినం" అని చెప్పేదాన్ని. వాడు "అవును, అవును" అంటా రాసేవాడు.

నా గొంతు మీకు తెలుసు. మెల్లగా చెప్పేది నాకు రాదు. రైలుపెట్టె మొత్తం వింటాంది. వాన పడిన రాత్రి లెక్కలోకి రాదు, రైతు గింజలు ఇయ్యక్కర్లేదు అని నేను చెప్పేటప్పటికి, మూలన కూర్చున్న ఆయన లేచి వచ్చినాడు. పేరు మస్తాన్ అంట, గొర్రెల బేరగాడు, గిద్దలూరు సంతకు పోతాండాడు.

"ఎవరు చెప్పినారమ్మా నీకు? వాన పడితే గొర్రె పెంట వెయ్యదా? మా దిక్కు సగం ఇస్తారు" అన్నాడు.

"మీ దిక్కు ఇస్తారేమో. మా దిక్కు ఇయ్యరు. నీళ్ళల్లో కొట్టుకపోయిన ఎరువుకు గింజలు ఎవడిస్తాడు?"

"రాత్రంతా తడిసినోడికి ఇస్తారు."

పక్కన ఒక ముసలి రైతు, "నేను ఇయ్యను" అన్నాడు. మస్తాన్ ఆయన దిక్కు తిరిగి, "అందుకే తాతా, నీ పొలంలో గడ్డి మొలవదు" అన్నాడు. పెట్టె అంతా నవ్వులు. ఎవరో వేయించిన చెనక్కాయలు పంచినారు. ముసలాయన ఊరి పేరు చెప్పి, "మా ఊరికి వచ్చి చూడు, నీ గొర్రెలు మేయలేనంత గడ్డి" అన్నాడు. మస్తాన్ చెన్నా దిక్కు తిరిగి, సగం ఇస్తారనేది రాసుకో అన్నాడు. నాది ముందు రాయి అన్నాడు ముసలాయన. చెన్నా ఇద్దరిదీ రాసినాడు. నేను చెప్పిందీ ఉంచినాడు. రైలు ఊగుతాంటే అక్షరాలు తాగినోడి నడక లెక్క వంకర పోయినాయి.

ఒకచోట వాడు తలెత్తి, "అత్తా, ఇందాకటి నుంచి నేను ఒక్కటీ కొట్టెయ్యలేదు" అన్నాడు. కొట్టేసేదానికి తీరిక ఏదిరా, నేను ఆగితే కదా అన్నా.

గిద్దలూరులో దిగేటప్పుడు మస్తాన్ మా గోతాం కిందికి దించి, "ఏందమ్మా ఇంత బరువు, బంగారమా?" అన్నాడు. ఉత్త పలకలు నాయనా అన్నా. ఉత్త పలకలు మోసేవాళ్ళను ఆయన చూడలేదంట.

గిద్దలూరు

సత్రంలో దిగినాము. శుక్రవారం పొద్దున పక్క సందులో ఒకామె ఉగ్గాని అమ్ముతాంటే తిన్నాము. మన దిక్కు లేదు. బొరుగులు నీళ్ళల్లో తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేసి తాళింపు పెడతారు. మీద పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. తడిసిన బొరుగులు పడేసేవే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. మూడణాలకు కడుపు నిండింది. వాడికి మాత్రం లోపలికి పోలేదు.

సారు చెల్లెలిల్లు రైలు కట్ట పక్కనే. సారు వరండాలో కుర్చీ వేసుకొని ఉండాడు. సన్నటి మనిషి, తెల్ల బనీను, ఆ బనీను జేబులో రెండు కలాలు. నేను పెద్ద చదువులాయన అంటే కోటు ఉంటుందనుకున్నా. మావోడు కాగితాలు పట్టుకొని నిలబడినాడు. నేనే ముందుపడినా.

"సారూ, పిల్లోడు రాసినాడు. పలకల మీద రాసినాడు. నేను కడిగేసినా."

"ఎందుకమ్మా?"

"అక్షరాల మీద కాళ్ళు పెడతాండారని."

ఆయన కండ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు, చానాసేపు తుడుచుకున్నాడు. తర్వాత, "ఆ చేతిలోవి ఏంది?" అని అడిగినాడు చెన్నాను.

"కడిగినాక అత్త చెప్పింది సార్."

"చదువు."

చెన్నా చదివినాడు. పొద్దు వాలి మంద పొలంలోకి వచ్చే కాడ మొదలుపెట్టినాడు. సారు చెల్లెలు కాఫీ తెచ్చి పెట్టింది, ఆయన ముట్టుకోలేదు. ఆమె పోకుండా తలుపు కాడనే నిలబడింది. వాన రాత్రి గొడవ వచ్చినప్పుడు సారు చెయ్యెత్తి ఆపినాడు.

"ఈ ముగ్గురి మాట యాడిది? పోయిన నెల నువ్వు పంపిన పట్టీలో లేదే."

"నిన్న రైల్లోది సార్."

"మళ్ళా చదువు, అది."

మళ్ళా చదివినాడు. ఆయన ఒక కాగితం ముక్క మీద ఏదో రాసుకున్నాడు. నేను ఆయన నోటి దిక్కే చూస్తాండా, యాడన్నా ఆవులిస్తాడేమోనని. ఆవులించలేదు.

అయిపోయినాక కాగితాలు లెక్కబెట్టినాడు. "ఇరవై పలకలు, రెండు పక్కలా నింపినానని ఉత్తరంలో రాసినావు. ఇవి తొమ్మిది కాగితాలే. మిగిలింది ఏమైంది?"

చెన్నా తల వంచుకున్నాడు. "అత్తకు గుర్తు లేనిది సార్."

సారు నా దిక్కు చూసినాడు. గుర్తుపెట్టుకోవాల్సింది, ఇంకా గట్టిగా వినాల్సింది అనుకున్నా. ఆయన చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి లోట కింద పెట్టినాడు.

"అయితే అది అక్కర్లేదులే. పీఠిక మాత్రం రెండు పేజీలు రాసి జత చెయ్యి, యూనివర్సిటీ వాళ్ళు ఆవులించేదానికి వాళ్ళకూ ఏదన్నా ఉండాల కదా" అన్నాడు. చెల్లెలితో, "వీళ్ళకు అన్నం పెట్టు" అన్నాడు.

చెన్నా అప్పుడు వరండా మెట్టు మీద కూర్చున్నాడు, కూలబడినట్లు. మూతికి ఇంకా మార్కాపురం తెల్లదనం ఉంది.

అన్నాలైనాక సారు ఆ ఉపకార వేతనం కాగితం తీసినాడు. నాలుగు భాగాలూ అయినాయని రాసినాడు. కింద ఒకచోట, విన్న మనిషి గుర్తు వెయ్యాలంట. ఆయన పెట్టిన పద్ధతికి ఆయన గీసుకున్న గడే అది. సిరా దిమ్మ నా ముందుకు జరిపినాడు, వేలిముద్రకని.

"నేను పేరు రాస్తా సారూ" అన్నా.

ఆయన దిమ్మ వెనక్కి తీసుకున్నాడు. "పేరు రాసేదానివి చదువురాని మనిషివి ఎట్లయితావు? నా పద్ధతికి పనికిరావే."

"పేరొక్కటే వస్తాది. అదొక్కటి తప్ప ఏదీ రాదని ప్రమాణం చేస్తా. కావాలంటే అది కూడా మరిచిపోతా, కాగితం మీద చెయ్యి వేసినాక."

సారు చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సారు గట్టిగా నవ్వినాడు, చెన్నా కూడా నవ్వినాడు, వారం దినాల్లో వాడు పండ్లు కనపడేటట్లు నవ్వింది అప్పుడే. సారు జేబులో నుంచి ఒక కలం తీసి మూత ఊడదీసి నా చేతికిచ్చినాడు.

సిరా కలంతో నేనెప్పుడూ రాయలేదు. గట్టిగా నొక్కితే పాళీ విరుగుతాదేమోనని భయం. గు రాసినా, ర రాసినా. వ కాడ చెయ్యి జారి గడి దాటింది. మ్మ కు చోటు చాలక కిందికి దిగింది. సారు సంతకం పెట్టాల్సిన గీత మీదికి పోయింది నా పేరు. తప్పయింది సారూ అన్నా.

ఆయన కాగితం తనవైపు తిప్పుకొని, గురవమ్మ కింద మిగిలిన సందులో, చిన్న అక్షరాలతో ఒదిగించి తన పేరు రాసినాడు.